రైలు దారి చెప్పే తెల్లదీపాలు

ఇబ్రహీంపట్నం: ఈ ఊరికి రైలు లేదు. రైలెక్కాలంటే బస్సులో మలక్‌పేటకో, కాచిగూడకో పోవలసిందే. అక్కడ చీలిపోయే పట్టాలు చూసి, డ్రైవరు తన దారి ఎట్లా పట్టుకుంటాడని చాలామందికి అనుమానం. నిజానికి దారి పట్టేది అతడు కాదు. ఇంజనులో స్టీరింగు ఉండదు. వేగం పెంచడం, తగ్గించడం, ఆపడం, అంతే. పట్టాలు చీలే చోట కదిలే ‘పాయింట్లు’ ఎటు ఉంటే బండి అటే పోతుంది. వాటిని తిప్పించేది స్టేషను సిబ్బంది.

దారి ఎటు వేశారో స్టేషను బయటి హోం సిగ్నల్ ముందే చెబుతుంది. పచ్చదీపం వెలిగితే మెయిన్ లైనులో సాగిపోవచ్చు. పసుపు దీపం ఒక్కటే ఉంటే మెయిన్ లైనే గాని, ముందు ఆగడానికి సిద్ధపడాలి. పసుపు దీపం మీద ఐదు తెల్లదీపాలు వాలుగా వెలిగితే పక్కనున్న లూప్ లైను. వరుస ఎడమకు వాలితే ఎడమ, కుడికి వాలితే కుడి. లూపులోకి సాధారణంగా గంటకు 30 కిలోమీటర్లు మించి పోరాదు. వెనుకటి చెయ్యి సిగ్నళ్లలో ఎత్తున ఉన్న చెయ్యి మెయిన్ లైనుది.

పాయింట్లు లూపుకు తిరిగి ఉంటే మెయిన్ లైనుకు పచ్చదీపం వెలగకుండా రెంటికీ ముడి ఉంటుంది. దీనినే ఇంటర్‌లాకింగ్ అంటారు. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనాగా బజార్‌లో ఆ ముడి తప్పింది. గేటు పరికరాలు మార్చే పనిలో వైర్లు తప్పుగా కలిపారు. చెన్నై పోయే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు పచ్చదీపం కనిపించింది. పాయింట్లు మాత్రం లూపుకే ఉన్నాయి. గంటకు 128 కిలోమీటర్ల వేగంతో బండి లూపులో ఆగి ఉన్న గూడ్సును గుద్దింది. 290 మందికి పైగా చనిపోయారు. డ్రైవరు నమ్మింది దీపాన్నే, అందులో అతని తప్పేముంది?

కాచిగూడ ప్రమాదం వేరు రకం. 2019 నవంబరు 11న ఎంఎంటీఎస్ రైలు సిగ్నల్ లేకుండా కదిలి, స్టేషనులోకి వస్తున్న హంద్రీ ఎక్స్‌ప్రెస్‌ను ఢీకొన్నదని అధికారులు తెలిపారు. క్యాబిన్‌లో గంటల తరబడి ఇరుక్కున్న ఎంఎంటీఎస్ డ్రైవరు కొద్ది రోజులకు ఆసుపత్రిలో మరణించాడు.

ఎర్రదీపం దాటబోతే బండికి తానే బ్రేకు వేసే ‘కవచ్’ను దక్షిణ మధ్య రైల్వేలోనే పరీక్షించారు. 2022 మార్చి 4న లింగంపల్లి–వికారాబాద్ మార్గంలో, గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య, ఎదురుగా మరో ఇంజను ఉండగా 380 మీటర్ల దూరంలోనే ఇంజను దానంతటదే ఆగింది. అయితే కవచ్‌కు కూడా సమాచారం వచ్చేది ఇంటర్‌లాకింగ్ నుంచే. అక్కడ వైరు తప్పితే దానికీ ఆ తప్పే అందుతుంది. ఈ పని నేర్పే రైల్వే సిగ్నల్ ఇంజనీరింగు శిక్షణ సంస్థ 1957 నుంచి సికింద్రాబాదులోనే ఉంది.