బీమాలో బండి వంతెంత? మనిషి వంతెంత?

నడిచే బండి ఎప్పుడో ఒకప్పుడు ఆగక తప్పదు. ఎడ్లబండి ఇరుసు విరిగితే వెనుక వచ్చే బండివాడు దిగి ఒక చెయ్యి వేసేవాడని మా తాత చెబుతుండేవాడు. మోటారు బండికి ఆ సాయాన్ని నేడు ముందే డబ్బు కట్టి కొనుక్కోవలసి వస్తున్నది. దానినే రోడ్‌సైడ్ అసిస్టెన్స్ అంటారు. అనగా బండి దారిలో ఆగితే మెకానిక్కును పంపడం, పంక్చరు వేయించడం, దిగిపోయిన బ్యాటరీకి ఛార్జి అందించడం, ఏదీ కాకుంటే క్రేనుతో షెడ్డుకు చేర్చడం. సాధారణంగా ఇది బండి బీమాకు తోడుగా అమ్ముడుపోతుంది. ఐతే ఒకే రకం బండికి ఇద్దరు మనుషులు ఒకే ధర కట్టరు. ఎందుకు కట్టరన్నదే ఈ వ్యాస విషయం.

ఈ ప్రశ్న నాకు పుస్తకంలో ఎదురైంది కాదు. కిందటి వానాకాలం మా నాయన ఒక పాత కారు కొన్నాడు. నాయనమ్మను పట్నం ఆసుపత్రికి తీసుకుపోవడానికి అది అవసరమైంది. రెండు నెలలు బాగానే నడిచింది. ఒక రాత్రి ఆసుపత్రి నుండి తిరిగి వస్తుంటే తుక్కుగూడ దాటినాక, మహేశ్వరం గేటు ఇంకా రాకముందే ఇంజను ఆగిపోయింది. డాష్‌బోర్డులో ఉన్న పాలసీ కాగితం తీసి, దాని మీది నంబరుకు నేను ఫోను చేశాను. బండి నంబరు, పేరు అడిగారు. "పాలసీ వేరేవారి పేర ఉన్నది, మీకు వర్తించదు" అన్నారు. నాయనమ్మ రెండు గంటలు వెనుక సీట్లోనే కూర్చున్నది. చివరకు మా ఊరి ట్రాక్టరు వచ్చి తాడు కట్టి లాక్కుపోయింది.

"బండి మనదే, కాగితం ఆ బండిదే. మరి ఎందుకు రారు బిడ్డా?" అని నాయన అడిగాడు. డిగ్రీలో సైన్సు చదువుతున్న నేను జవాబు చెప్పలేకపోయాను. తరువాత తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

మొదట సగటు లెక్క చూద్దాం. వంద బండ్లలో ఏడాదికి పది ఆగిపోతాయనీ, ఒక్కొక్కదాన్ని లాగడానికి రెండు వేలు ఖర్చవుతుందనీ అనుకుందాం. మొత్తం ఇరవై వేలు. వంద మందికి పంచితే తలా రెండు వందలు. అవే బండ్లు పాతబడి ముప్పై ఆగితే తలా ఆరు వందలు. దీనిపై కంపెనీ ఖర్చు, లాభం కలుస్తాయి. కాబట్టి ధర పెరిగేది బండి ఆగే అవకాశాన్ని బట్టి, ఆగితే అయ్యే ఖర్చును బట్టి. బండి వయస్సు, సొంతానికా కిరాయికా, షెడ్డు ఎంత దూరం, ఏడాదికి ఎన్నిసార్లు పిలవవచ్చు అన్నవన్నీ ఈ రెండింటిలోకే వస్తాయి. ఎక్కువ ఆగేది పాత బండి, కొనగలిగేది మనబోటి రైతులు. సాయం ప్రియమయ్యేది కూడా ఆ బండికే.

ఇక అసలు బీమా సంగతి. ఇందులో రెండు భాగాలున్నాయి. మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి థర్డ్ పార్టీ బీమా. ఇది 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం తప్పనిసరి. దీని ధర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1న అమలుకు వచ్చిన పట్టికలో 1000 సీసీ మించని సొంత కారుకు 2,094 రూపాయలు. కోటీశ్వరుడైనా కూలివాడైనా ఇదే. ఇక్కడ మనిషి లెక్కలోకి రాడు.

రెండవది మన బండికి జరిగే నష్టానికి బీమా. దారిలో సాయం సాధారణంగా దీనికే అతుక్కొని ఉంటుంది. 2002 నాటి టారిఫ్‌లో దీనికి లెక్క స్పష్టంగా ఉన్నది. అయిదేళ్లు మించని, 1000 సీసీ లోపు కారు విలువ మూడు లక్షలనుకోండి. హైదరాబాదు వంటి ఎనిమిది మహానగరాల్లో రిజిస్టరైతే 3.127 శాతం, అనగా 9,381 రూపాయలు. మిగతా చోట్ల 3.039 శాతం, అనగా 9,117 రూపాయలు. చోటు మారితే తేడా 264 రూపాయలే. 2007 జనవరి 1 నుండి ఈ ధరలకు కట్టు సడలింది. ఇప్పుడు ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క ధర.

మనిషి లెక్క అసలు కనపడేది నో క్లెయిమ్ బోనస్‌లో. ఏడాదిపాటు నష్టపరిహారం అడగకుంటే మరుసటి ఏడు ఈ రెండవ భాగంలో 20 శాతం తగ్గుతుంది. ఆపై వరుసగా 25, 35, 45, 50 శాతం. పై 9,117 రూపాయల బండికి అయిదేళ్లు జాగ్రత్తగా నడిపినవాడు కట్టేది సుమారు 4,559. పక్కనే అదే బండి కొత్తగా కొన్నవాడు పూర్తి సొమ్ము కట్టాలి. ఈ తేడా ఇనుముది కాదు, మనిషిది. అందుకే ఈ బోనస్ బండితో పోదు, అమ్మినవాడితోనే ఉండి అతని తరువాతి బండికి పనికివస్తుంది. పాలసీ గడువు దాటి 90 రోజుల్లో రెన్యువల్ చేయకుంటే మాత్రం అది పోతుంది. కేవలం పంక్చరుకో బ్యాటరీకో సాయం పిలిచినందుకు సాధారణంగా బోనస్ పోదు.

అదే టారిఫ్‌లో మనిషిని చూసి ఇచ్చిన రాయితీ మరొకటి ఉన్నది. వికలాంగుల కోసం ప్రత్యేకంగా మార్చిన బండికి రెండవ భాగంలో సగం తగ్గింపు. ఇతర దేశాల్లో మనిషి లెక్క ఇంకా లోతుకు పోయింది. బ్రిటన్‌లో మోటారు బీమాకు వయస్సు, ఇంటి పిన్‌కోడు కూడా చూస్తారు. ఆడా మగా అన్నదాన్ని బట్టి ధర మార్చరాదని 2011 మార్చి 1న యూరప్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. అది 2012 డిసెంబరు 21 నుండి అమలయింది. అక్కడ దారిలో సాయాన్ని బండికే కాక మనిషికి కూడా కొనవచ్చు. అతడు ఎవరి బండిలో ఉన్నా సాయం వస్తుంది.

మన దేశంలో 2022 జులైలో బీమా నియంత్రణ సంస్థ కొత్త దారి తెరిచింది. ఎంత దూరం నడిపారు, ఎలా నడిపారు అన్నదాన్ని బట్టి ధర పెట్టుకోవడానికి అనుమతించింది. ఒకే యజమాని కారుకు, మోటారు సైకిలుకు కలిపి ఒకే పాలసీ ఇవ్వవచ్చన్నది. నెలకు రెండుసార్లు పట్నం పోయే మా కారు వంటిదానికి మొదటి పద్ధతి మేలు.

ఇప్పుడు నాయన ప్రశ్నకు జవాబు. పాత బండి కొంటే థర్డ్ పార్టీ భాగం తనంత తానే కొన్నవాడికి మారుతుంది. రెండవ భాగం, దానికి అతుక్కున్న సాయం అలా మారవు. 14 రోజుల్లోగా కంపెనీకి దరఖాస్తు పెట్టి పేరు మార్పించుకోవాలి. అమ్మినవాడి బోనస్ తేడా కూడా మనమే కట్టాలి. మేము ఆర్.సి. మార్చుకొని అంతటితో అయిపోయిందనుకున్నాము. బండి మనదైంది గాని, ఒప్పందం మనది కాలేదు. ఆ ఒప్పందం మనిషితో.

కాబట్టి విద్యార్థి మిత్రులు, ముఖ్యంగా పల్లెల నుండి వచ్చినవారు, ఇంట్లో బండి కాగితం ఒకసారి తీసి చూడండి. పాలసీ ఎవరి పేర ఉన్నది? సాయం ఉన్నదా, ఉంటే ఎంత దూరం లాగుతారు? బోనస్ ఎంత శాతం? మన తల్లిదండ్రులు చేను కాగితాన్ని పదిసార్లు చదివిస్తారు, బండి కాగితాన్ని ఒక్కసారీ చదివించరు. జాతీయ రహదారి మీద ఆపద వస్తే 1033కు ఉచితంగా ఫోను చేయవచ్చన్నది కూడా ఇంట్లో చెప్పండి.

ఈ ఏడు మా పాలసీ నాయన పేర ఉన్నది. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే ఆ 20 శాతం ఆయనదే. ఆ సంగతి చెప్పితే నాయన నవ్వి, "అట్లయితే మెల్లగ తోలుత" అన్నాడు. నాయనమ్మ మాత్రం కారెక్కే ముందు ఇప్పటికీ ఒకటే అడుగుతుంది: "కాగితం ఉన్నదా?" అని.