బదిలీల్లో మా వెంట వచ్చే బిళ్ళ గన్నేరు

నాన్నగారికి బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే మా ఇంట్లో మొదట దిగులు పట్టుకునేది పూలకుండీల గురించే. బీరువా, మంచాలు, సైకిళ్ళు లారీ ఎక్కుతాయి. కుండీలు ఎక్కవు. దారిలో మొక్కలు బతకవని అమ్మ వాటిని పక్క క్వార్టర్ వాళ్ళకు ఇచ్చేస్తుంది. అలా మేము వదిలి వచ్చిన గులాబీలు, మందారాలు చాలానే ఉన్నాయి. బిళ్ళ గన్నేరు ఒక్కటి మాత్రం మూడు ఊళ్ళుగా మా వెంటే ఉంది.

ఐదు రేకుల గులాబి రంగు పువ్వు, లేదంటే ఎర్రని చుక్క ఉన్న తెల్లని పువ్వు. మీరు చూసే ఉంటారు. ఊరు మారితే దీని పేరు మారుతుంది. ఖరగ్‌పూర్‌లో మా నేస్తాలు నయనతార అన్నారు. ఫిరోజ్‌పూర్‌లో సదాబహార్ అయింది. ఇప్పుడు చెన్నైలో నిత్యకల్యాణి. నిజానికి దీని పుట్టిల్లు మన దేశం కాదు, ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ దీవి. మనకంటే చాలా దూరం నుంచి బదిలీ అయి వచ్చిందన్నమాట!

ఈ మొక్క మా వెంట వచ్చేది గింజల రూపంలో. పువ్వు రాలాక సన్నని కాయలు జంటగా కాస్తాయి. పచ్చిగా ఉన్నప్పుడు కోస్తే గింజ ముదరదు. పూర్తిగా ఎండేదాకా ఆగితే కాయ పగిలి నల్లని చిన్న గింజలు నేలపాలవుతాయి. అందుకని కాయ పసుపు తిరిగి గోధుమ రంగులోకి మారుతున్నప్పుడు కోసి, నీడలో ఆరబెట్టి, కాగితంలో పొట్లం కట్టాలి. ప్లాస్టిక్ కవరులో పెడితే చెమ్మకు బూజు పడుతుంది. మా పొట్లం చెల్లి జామెట్రీ బాక్సులో ప్రయాణం చేస్తుంది.

మట్టిలో కొంచెం ఇసుక కలిపి, గింజలు చల్లి, పైన పలుచగా మట్టి కప్పాలి. చీకటిలోనే ఇవి బాగా మొలుస్తాయి. వెచ్చని రోజుల్లో వారం నుంచి రెండు వారాల్లో మొలకలు వస్తాయి. ఆ తరువాత నీడ పనికిరాదు, ఎండ బాగా తగలాలి. మొక్క జానెడు ఎదిగాక కొస గిల్లితే పక్క కొమ్మలు వేసి గుబురుగా పెరుగుతుంది.

మేము రెండుసార్లు దెబ్బ తిన్నాము. ఖరగ్‌పూర్‌లో వానాకాలంలో మొక్క వాడిపోయింది. దాహమేమో అనుకుని రోజూ ఇంకో చెంబు నీళ్ళు పోశాము. పీకి చూస్తే వేర్లు కుళ్ళి ఉన్నాయి. పై మట్టి ఆరాకే నీళ్ళు పోయాలని, కుండీ అడుగున రంధ్రం మూసుకుపోకుండా చూడాలని అప్పుడు తెలిసింది. ఫిరోజ్‌పూర్‌లో జనవరి మంచుకు ఒక్క మొక్క మిగల్లేదు. పొట్లంలో సగం గింజలు దాచి ఉంచాము కనుక మార్చిలో మళ్ళీ వేయగలిగాము.

అక్కడే ఇంకో సంగతి జరిగింది. పక్కింటి దాదాజీ రోజూ ఉదయం మా మొక్కల దగ్గర నాలుగు ఆకులు తుంచుకుని వెళ్ళేవారు. పూజకేమో అనుకున్నాము. షుగర్ తగ్గుతుందని నములుతున్నారట! అమ్మకు తెలిసి కంగారు పడింది. “మందు మొక్కే కదా, ఏమవుతుంది బేటా?” అన్నారాయన.

మందు మొక్క కాబట్టే భయం. షుగర్‌కు వాడతారన్న నమ్మకంతోనే 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రవేత్తలు జమైకా నుంచి వచ్చిన ఆకులను పరీక్షించారు. ఎలుకల రక్తంలో చక్కెర పెద్దగా తగ్గలేదు. తెల్ల రక్తకణాలు మాత్రం బాగా పడిపోయాయి. అలా వారికి దొరికిన పదార్థం విన్‌బ్లాస్టిన్. తరువాత ఇదే మొక్కలో విన్‌క్రిస్టిన్ కూడా దొరికింది. ఒక కణం రెండుగా విడిపోవాలంటే లోపల సన్నని దారాల వంటివి ఏర్పడాలి. ఈ మందులు వాటిని ఏర్పడనివ్వవు. అందుకే అదుపు లేకుండా పెరిగే క్యాన్సర్ కణాలు ఆగిపోతాయి. పిల్లలకు వచ్చే రక్త క్యాన్సర్‌కు నేటికీ విన్‌క్రిస్టిన్ ఇస్తున్నారు. అయితే వందల కిలోల ఎండుటాకుల నుంచి వచ్చేది చిటికెడే. దాన్ని శుద్ధి చేసి, కొలిచి, డాక్టర్లు రక్తనాళంలోకి ఎక్కిస్తారు. నమిలే ఆకులో ఏది ఎంత ఉందో ఎవరికి తెలుసు? మొక్క మొత్తం విషమే. మేకలు కూడా మామూలుగా ముట్టవు.

ఇదంతా మా హిందీలో చెప్పడానికి చాలా తిప్పలు పడ్డాము. దాదాజీ నవ్వారు కానీ, మరునాడు డాక్టరు గారిని అడిగి వచ్చి ఆకులు మానేశారు. మేము కూడా కొసలు గిల్లాక చేతులు సబ్బుతో కడుక్కుంటాము.

ఇప్పుడు చెన్నైలో మా కుండీల్లో కాయలు ముదురుతున్నాయి. ఈసారి ఎవరి నాన్నగారికైనా, అమ్మగారికైనా ఉత్తర్వులు వస్తే ముందుగా చెప్పండి, పొట్లం కట్టి ఉంచుతాము. పొట్లం మీద ‘తినరాదు’ అని తెలుగులో, హిందీలో, తమిళంలో రాసి మరీ ఇస్తాము.