పాట ఎవరిదని రాయాలి?

మా ఫెస్ట్‌లో డీజే "సారంగదరియా" వేశాడంటే అప్పటిదాకా కుర్చీలకి అతుక్కుపోయిన లెక్చరర్లు కూడా కాలు కదుపుతారు. మొన్న క్లబ్ మీటింగ్‌లో ఎవరో అడిగారు, "ఇంతకీ ఇది ఎవరి పాట?" అని. ఒకడు మంగ్లీ అన్నాడు. ఇంకొకడు శేఖర్ కమ్ముల అన్నాడు (డైరెక్టర్ పాట రాయడమేంట్రా అని వాడిని కాసేపు ఆడుకున్నాం). నేను ఫోన్‌లో వెతికి, సుద్దాల అశోక్ తేజ అని చదివి, గెలిచేశాననుకున్నాను. ఇంటికెళ్లి ఇంకాస్త చదివితే నాది కూడా సగం జవాబే అని తేలింది. ఆ మిగతా సగం కోసమే ఈ వ్యాసం. చివర్లో మా మామ్మ కూడా వస్తుంది, కాస్త ఓపిక పట్టండి.

ముందు సారంగదరియా సంగతి. అది "లవ్ స్టోరీ" సినిమా పాట. సినిమా 2021 సెప్టెంబర్‌లో వచ్చింది గానీ పాట ఫిబ్రవరి 28నే యూట్యూబ్‌లోకి వచ్చేసింది. సంగీతం పవన్ సీహెచ్, గొంతు మంగ్లీది. అయితే ఈ పాట సినిమాకి చాలా ముందునుంచీ తెలంగాణ పల్లెల్లో ఉంది. ఎప్పటినుంచి అంటే ఎవరూ చెప్పలేరు, జానపదం అంటేనే అది కదా. దాన్ని మొదట టీవీ దాకా తెచ్చింది మా టీవీలో వచ్చిన "రేలా రే రేలా" ప్రోగ్రాం. పల్లెల నుంచి వచ్చిన పిల్లలు అక్కడ తమ ఊరి పాటలు పాడేవాళ్లు. జడ్జి సీట్లో అశోక్ తేజ గారే ఉండేవారు. అక్కడ ఈ పాట పాడి పేరు తెచ్చుకున్న గాయని కోమలి.

సినిమా పాట హిట్ అయ్యాక కోమలి మీడియా ముందుకొచ్చి అడిగింది: నేను వెలుగులోకి తెచ్చిన పాటలో నా పేరెక్కడ? అశోక్ తేజ గారు పల్లవి జానపదానిది, చరణాలు నేను రాసినవి అన్నారు. శేఖర్ కమ్ముల ఆ పాటని తాను కోమలి నోటే విన్నానని ఒప్పుకుని, ఆమెకి గుర్తింపూ డబ్బూ ఇస్తామని బహిరంగంగా చెప్పారు. గొడవ అక్కడితో చల్లబడింది. న్యూస్ ఛానెళ్లకి రెండు రోజుల మేత, అంతే.

నాకు మాత్రం చల్లబడలేదు. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు, గమనించండి. మరి గొడవ ఎందుకొచ్చింది?

కొంత చట్టం వల్ల. మన కాపీరైట్ చట్టం 1957ది. ఒక రచనకి రచయిత అనేవాడు ఉంటాడు అన్న నమ్మకం మీద అది నిలబడింది. జానపద పాటకి రచయిత ఎవరో తెలీదు, కాబట్టి అది అందరిదీ. అందరిదీ కాబట్టి ఎవరైనా తీసుకోవచ్చు. తీసుకుని కొత్త చరణాలు రాస్తే ఆ చరణాలు రాసినవాళ్లవి. కొత్తగా రికార్డు చేస్తే ఆ రికార్డింగ్ మీద 60 ఏళ్లు నిర్మాతకి హక్కు. 1994లో పాడేవాళ్లకి కూడా ఒక హక్కు చేర్చారు, ఇప్పుడది 50 ఏళ్లు. కానీ అది వాళ్లు పాడిన ఆ ఒక్క పాడటానికే. కోమలి టీవీలో పాడిన ఆడియోనే తీసి సినిమాలో పెట్టుంటే అది వేరే లెక్క. ఆమె నోట విని ఇంకొకరు కొత్తగా పాడితే చట్టం ప్రకారం ఆమెకి రావాల్సింది ఏమీ లేదు. పాటని మర్చిపోకుండా దాచిపెట్టినవాళ్లు అన్న కేటగిరీయే చట్టంలో లేదు.

మన భాషలో చెప్పాలంటే, ఎవరో రిపోని ఫోర్క్ చేశారు, బాగానే చేశారు, కానీ పాత కమిట్ హిస్టరీ మొత్తం పోయింది. ఇప్పుడు ఎవరు చూసినా మొదటి కమిట్ 2021 అనే కనబడుతుంది.

ఇదంతా యూట్యూబ్ వచ్చాక మొదలైన రోగం అనుకున్నా. కాదు. రికార్డింగ్ మొదలైనప్పటి నుంచీ ఉంది.

మన దేశంలో గ్రామఫోన్ కంపెనీ మొదటి రికార్డింగులు 1902లో కలకత్తాలో జరిగాయి. లక్కతో చేసిన ఆ ప్లేట్లు నిమిషానికి సుమారు 78 సార్లు తిరిగేవి. పది అంగుళాల ప్లేటుకి ఒక్కో వైపు మూడు నిమిషాలు పట్టేది. ఇప్పుడు చేలో పాడే పాటని ఊహించుకోండి. ఒకళ్లు ఎత్తుకుంటారు, మిగతావాళ్లు వంత అందుకుంటారు, మునుం పూర్తయ్యేదాకా సాగుతుంది. అలాంటిది మూడు నిమిషాల్లో ఎలా పడుతుంది? పట్టదు. కొన్ని చరణాలు ఎంచుకుని మిగతావి వదిలేయాలి. అలా ఎంచుకున్నవే తర్వాత తరాలకి "అసలు పాట" అయిపోతాయి. ఇప్పుడు రీల్స్ వల్ల పాట ముప్పై సెకన్లకి కుదించుకుపోయిందని మనవాళ్లు బాధపడతారు గానీ, కత్తిరింపు మొదలై వందేళ్లు దాటింది.

మన తెలుగు జానపదాలు రేడియోకీ రికార్డులకీ ఎక్కడంలో పెద్ద వాటా మన గోదావరి వాళ్లదే. కాకినాడలో పుట్టిన వింజమూరి అనసూయాదేవి, ఆవిడ చెల్లెలు సీతాదేవి. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు వాళ్ల మేనమామ. కచేరీ అంటే త్యాగరాజ కీర్తనలే అనుకునే రోజుల్లో వీళ్లిద్దరూ పల్లెపాటల్ని నేర్చుకుని సభల్లో, రేడియోలో పాడారు, స్వరాలతో సహా పుస్తకాలకెక్కించారు. అనసూయాదేవి 1920లో పుట్టి 2019లో అమెరికాలోని హ్యూస్టన్‌లో పోయారు. దాదాపు నూరేళ్లు. వాళ్లు లేకపోతే ఎన్ని పాటలు పోయేవో లెక్క లేదు. రాజమండ్రి వైపు నేదునూరి గంగాధరం గారు కూడా ఊరూరా తిరిగి పాటలు పోగుచేసి మిన్నేరు, మున్నేరు అని పుస్తకాలు వేశారు. వీళ్లని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. ఒక్క విషయమే చెప్తున్నా: రికార్డు మధ్యలో అతికించే గుండ్రటి లేబుల్ మీద పాట పేరు, పాడినవాళ్ల పేరు, కంపెనీ నంబరు ఉంటాయి. "ఎవరి దగ్గర నేర్చుకున్నారు" అని రాయడానికి చోటుండదు. ఆ టేబుల్‌లో ఆ కాలమే లేదు.

ఇక్కడ నాకు భలే నచ్చిన ముడి ఒకటి దొరికింది. గౌతమ్ ఘోష్ తీసిన "మా భూమి" సినిమా తెలుసుగా, తెలంగాణ సాయుధ పోరాటం మీద. ఆ సినిమా సంగీతంలో వింజమూరి సీతాదేవి గారి చెయ్యి ఉంది. కాకినాడ ఆవిడ తెలంగాణ పాటలకి పనిచేశారన్నమాట. అందులో గద్దర్ పాడిన "బండెనక బండి కట్టి" బండి యాదగిరి పాట. పోరాట కాలంలో నోటి నుంచి నోటికి తిరిగి, ముప్పై ఏళ్ల తర్వాత తెరకెక్కింది. చాలామంది దాన్ని గద్దర్ రాశాడనుకుంటారు, మొన్నటిదాకా నేనూ అదే బ్యాచ్. అదే సినిమాలో "పల్లెటూరి పిల్లగాడా" ఉంది. అది రాసింది సుద్దాల హనుమంతు, అంటే మన అశోక్ తేజ గారి నాన్నగారు! తండ్రి పాటని జానపదం అనుకుని పాడుకున్నవాళ్లు ఎంతోమంది. కొడుకు దగ్గరికి వచ్చేసరికి జానపదాన్ని ఆయన పాట అనుకున్నాం. పేరు రెండు వైపులా జారుతుంది.

ఇప్పుడు మామ్మ.

మా ఊరు రాజోలు దగ్గర. కోనసీమ పేరు ఊరూరా మోగించిన పాట ఏదంటే 2004లో వచ్చిన "ఆర్య" సినిమాలోని అమలాపురం పాటే. అందులో మా అమలాపురం పేరు తప్ప ఇంకేం లేదు. మన దగ్గర నిజంగా పాడిన పాటలేవీ అని మామ్మని అడిగితే, ఊడ్పుల పాట ఒకటి ఎత్తుకుంది. డెబ్బై ఎనిమిదేళ్ల గొంతు. నేను గబగబా ఫోన్ తీశాను. మూడు రోజుల్లో నాలుగుసార్లు రికార్డు చేశా, నాలుగుసార్లూ నాలుగు రకాలుగా పాడింది. ఏది కరెక్టు మామ్మా అంటే, "కరెక్టేంట్రా, ఆ రోజు చేలో ఎవరుంటే వాళ్ల పేరు పెట్టుకుని పాడతారు" అంది. హైదరాబాద్‌లో ఉన్న మా అక్కకి వీడియో కాల్‌లో వినిపిద్దామంటే, మామ్మ వేసే చప్పట్లని యాప్ నాయిస్ అనుకుని తీసేసింది. అక్కకి తాళం లేని పాట వినబడింది.

ఫైల్ సేవ్ చేసి ట్యాగులు నింపుతున్నాను. ఎంపీ3 ఫైల్‌లో పాట పేరు, పాడినవాళ్ల పేరు ఉండే చోటుని ఐడీ3 ట్యాగ్ అంటారు. 1996లో వచ్చిన మొదటి వెర్షన్ మొత్తం 128 బైట్లే, పేరుకి 30 అక్షరాలు. సంగీతం రకాలకి 0 నుంచి 79 దాకా నంబర్లు ఇచ్చారు. అందులో పోల్కా ఉంది, ఫోక్ లేదు! తర్వాత విన్‌ఆంప్ వాళ్లు 80వ నంబరుగా చేర్చారు. సరే, ఆ 80 పెట్టి, ఆర్టిస్ట్ దగ్గర మామ్మ పేరు కొట్టి, "మా మామ్మ పాట" అని ఛానెల్‌లో పెడదామనుకున్నా. మామ్మకి చూపించాను.

"నా పాటేంట్రా?" అంది. "నేనెప్పుడైనా ఊడ్చానా? గట్టు మీద నిలబడి విన్నాను, అంతే."

అప్పుడు చెప్పింది. కొత్తగా కాపరానికొచ్చిన రోజుల్లో చేలోకి అన్నాలు పట్టుకెళ్లేది. పేట నుంచి వచ్చే ఆడవాళ్లు నడుం వంచి ఊడ్చేవాళ్లు, ఈవిడ గట్టు మీద గొడుగు కింద. అందులో ఒకావిడ పాట ఎత్తుకునేది, మిగతావాళ్లు వంత. మామ్మ అలా విని నేర్చుకుంది. ఆవిడ పేరు మామ్మకి ఇంకా గుర్తుంది. ఆవిడ పోయి పదిహేనేళ్లయిందట. ఆవిడ ముందు ఎప్పుడైనా పాడావా అనడిగితే మామ్మ నవ్వి, "సిగ్గు కాదూ" అంది. ఒకే చేలో పాట మా గట్టుకి వచ్చింది గానీ, మేం పెట్టే అన్నం వాళ్లు వేరే గిన్నెల్లో తినేవాళ్లట. ఇది కూడా మామ్మే చెప్పింది, మెల్లిగా.

అంటే నేను అప్‌లోడ్ బటన్ నొక్కబోయి ఆగిన ఆ నిమిషంలో, సినిమా వాళ్ల మీద నేను వేసిన కేసు నా మీదే పడింది. పైగా నా దగ్గర హిట్ కూడా లేదు.

ఆదివారం పేటకి వెళ్లాను. ఆవిడ కూతురు ఉంది, యాభై దాటిన మనిషి. ఇంతకుముందు వాళ్లింటికి ఎప్పుడూ వెళ్లలేదని వీధి మలుపులో గానీ గుర్తురాలేదు. ఫోన్‌లో మామ్మ పాట వినిపించాను. సగం విని, "మామ్మగారు బాగా పాడారండి. కానీ మా అమ్మ ఇలా పాడేది కాదు బాబూ," అంది. రెండో చరణం అసలు ఇది కాదట. మామ్మ పాడిన చోట బావ మీద సరసం ఉంది. ఆవిడ పాడిన చోట కూలి కొలిచేటప్పుడు కుంచం తక్కువ పట్టే రైతు మీద ఎకసెక్కం ఉంది. గట్టు మీదున్న మనిషికి ఆ చరణం వినిపించేలా పాడరు కదా.

ఆవిడ పాడింది కూడా రికార్డు చేశాను, అడిగాకే. పేరు రాయొచ్చా అంటే, "అమ్మ పేరు రాయండి. నెట్‌లో పెట్టడం మాత్రం మా అన్నయ్యని అడిగాక చెప్తాను," అంది. ఆయన గల్ఫ్‌లో ఉన్నాడు, దసరాకి వస్తాడు. అందుకే ఈ వ్యాసంలో ఆ పేరూ లేదు, పాట లింకూ లేదు. ప్రస్తుతానికి నా లాప్‌టాప్‌లో అయిదు ఫైళ్లున్నాయి, నాలుగు గట్టువి, ఒకటి చేనుది. కామెంట్ ట్యాగ్‌లో ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారో రాశాను. కొత్త వెర్షన్‌లో 30 అక్షరాల లిమిట్ లేదు, కాబట్టి పూర్తి పేరు పట్టింది.