ఒక రాయబారం, ముగ్గురు కృష్ణులు

శివరాత్రికి పది రోజుల ముందు మా పల్నాడు వైపు ఊళ్లలో గోడలకు నాటకం పోస్టర్లు పడతాయి. ఒకసారి, హైదరాబాదులో పుట్టి పెరిగిన మా మేనల్లుడు టీకొట్టు పక్కన అలాంటి పోస్టరు ముందు ఆగి, పైనుంచి కిందికి చదివి నా వైపు తిరిగాడు. "మామయ్యా, ప్రెస్సువాడు తప్పు కొట్టాడు. కృష్ణుడి పేరు మూడుసార్లు వేశాడు, మూడు చోట్లా మనుషులు వేరు."

తప్పేం కాదు. శ్రీకృష్ణ రాయబారం పోస్టరు మీద ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు ఉండటం మామూలే. యుద్ధం దాకా ఆడితే మూడో కృష్ణుడూ వస్తాడు. సినిమాలకు అలవాటుపడిన కంటికి ఇది వింతే. ఇంటర్వెల్ తర్వాత హీరో మారిపోతే హాల్లో కుర్చీలు మిగలవు. ఇక్కడ మాత్రం కృష్ణుడు తెర వెనక్కి వెళ్లి, జానెడు పొట్టిగా, ఇంకో గొంతుతో తిరిగొస్తే జనం ఈలలు వేస్తారు. వాళ్లు రాత్రి తొమ్మిదింటి నుంచి చాప పరుచుకుని కూర్చున్నది ఆ రెండో ఆయన కోసమే అయివుండవచ్చు.

ఇది అర్థం కావాలంటే ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. పద్యనాటకానికి వచ్చేవాళ్లు కథ కోసం రారు. రాయబారం ఫలించదని, హరిశ్చంద్రుడు అబద్ధమాడడని పసిపిల్లలకూ తెలుసు. పద్యాలు కూడా తెలుసు. రాయబారంలో వినిపించే పద్యాల్లో చాలా భాగం తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలలోవి. ఆ పుస్తకం మొహం చూడని రైతు కూడా అందులో పది పద్యాలు అప్పజెప్పగలడు. మరి ఎందుకు వస్తారు? తెలిసిన పద్యాన్ని ఈయన ఎలా అందుకుంటాడో, ఎక్కడ విరుస్తాడో, రాగం ఎంతసేపు తీస్తాడో వినడానికి. కాబట్టి నాటకం పేరు పోస్టరు మీద సగం సమాచారమే. మిగతా సగం పాత్రధారుల పట్టిక.

ఆ పట్టికలో అంకెలకు ఒక లెక్క ఉంది. ఒకటో కృష్ణుడిది పడక సీను. నిద్ర నటిస్తూ పడుకుని, తల దగ్గర ఒకరు, కాళ్ల దగ్గర ఒకరు వచ్చి కూర్చున్న బావమరుదుల్ని ఆటపట్టించే కృష్ణుడు. ఇక్కడ గొంతులో నవ్వు ఉండాలి, కళ్లలో కొంటెతనం ఉండాలి. రెండో కృష్ణుడిది కౌరవసభ. అక్కడ నవ్వు తగ్గాలి, మాట బరువెక్కాలి, చివరికి హెచ్చరిక పిడుగులా పడాలి. రెండూ ఒకే మనిషి చేయలేడా? చేయగలడు, చేసినవాళ్లున్నారు. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు లాంటివాళ్ల పేర్లు కృష్ణ పాత్రతో ఎంతగా కలిసిపోయాయంటే, పెద్దవాళ్లకు వాళ్లు కిరీటం లేకుండా కనిపిస్తే పోల్చుకోవడం కష్టమయ్యేది. కానీ నాటకం తెల్లవార్లూ నడుస్తుంది. మైకులు లేని రోజుల్లో ఆఖరి వరసలో చెట్టెక్కి కూర్చున్నవాడికి కూడా వినపడేలా హెచ్చు శ్రుతిలో పాడాలి. రాత్రి పదింటికి మొదలుపెట్టిన గొంతు తెల్లవారుజామున మూడింటికి సభలో ఉరమాలంటే ఎంత కష్టమో, పెళ్లిలో నాలుగు గంటలు గట్టిగా మాట్లాడి చూస్తే తెలుస్తుంది.

గొంతు అలసట ఒక కారణం. రెండోది వ్యాపారం. నా మటుకు నాకు ఇదే అసలు కారణం అనిపిస్తుంది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నాటకమంటే సమాజాలదీ, కంపెనీలదీ. తెనాలిలో రామవిలాస సభ, మైలవరంలో బాలభారతీ నాటక సమాజం. ఎవరి నటులు వారికి, ఎవరి తెరలు వారికి, ఎవరి రిహార్సళ్లు వారికి. వాటిలో చాలా భాగం నిలదొక్కుకోలేకపోయాయి. 1932లో భక్త ప్రహ్లాదతో తెలుగు టాకీ కూడా వచ్చిపడింది. పేరున్న నటులేమో ఉన్నారు, వాళ్లను కట్టి ఉంచే కంపెనీలు లేవు. ఆ ఖాళీలో కంట్రాక్టరు పెత్తనం పెరిగింది. ఒక ఊరి కృష్ణుణ్ణి, ఇంకో ఊరి దుర్యోధనుణ్ణి, మరో ఊరి అర్జునుణ్ణి విడివిడిగా బయానా ఇచ్చి మాట్లాడి ఒక రాత్రికి ఒక వేదిక ఎక్కించేవాడు. వీటినే కంట్రాక్టు నాటకాలన్నారు. గ్రామఫోను ప్లేట్ల మీద విన్న గొంతును కళ్లారా చూడాలన్న ఆశ జనంలో ఎలాగూ ఉంది. ఒక కృష్ణుడుంటే ఒక తాలూకా కదులుతుంది, ఇద్దరు కృష్ణులుంటే రెండు తాలూకాలు కదులుతాయి. కంట్రాక్టరు లెక్క అది.

ఈ పద్ధతిలో రిహార్సలు ఉండదు. నటులు ఒకరినొకరు చూసుకునేది మేకప్ గదిలోనే. అయినా నాటకం ఆగదు, ఎందుకంటే పాఠం అందరికీ ఒకటే. దుర్యోధనుడు ఫలానా పద్యం ఎత్తుకుంటే తర్వాత తనది ఏదో కృష్ణుడికి తెలుసు, ఆ కృష్ణుడు శ్రీకాకుళం నుంచి వచ్చినా, నెల్లూరు నుంచి వచ్చినా. చెప్పాలంటే ఇది కచేరీకి దగ్గర, నాటకానికి కొంచెం దూరం. బళ్ళారి రాఘవ లాంటి నటులకు ఈ పోకడ గిట్టలేదు. పాత్ర మాట్లాడాలి గాని పాత్రధారి రాగాలు తీస్తూ నిలబడిపోతే నాటకం చచ్చిపోతుందని వారి వాదం. ఆ వాదన సబబే. కానీ తిరనాళ్ల రాత్రి వన్స్‌మోర్ అని అరిచే జనానికి దాన్ని వినిపించడం ఎవరి తరమూ కాలేదు.

ఈ రాగాల రాత్రిని మోసేది ఒక మనిషి. పోస్టరు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాడు, మా మేనల్లుడు ఆ వరస దాకా చదవనే లేదు. హార్మోనిస్టు. ఒక కృష్ణుడిది నాలుగు శ్రుతి, ఇంకొకాయనది ఐదున్నర, ద్రౌపది వేసే ఆవిడది మరొకటి. ఎవరు రంగం మీదికి అడుగుపెడుతున్నారో చూసి, నోరు తెరిచేలోపు వాళ్ల శ్రుతి అందించాలి. పద్యం మధ్యలో నటుడు దారి తప్పితే మెట్లు నొక్కి మళ్లీ ఇంటికి తీసుకురావాలి. ఒకళ్లతో ఒకళ్లకు రిహార్సలు లేని పదిహేను మందిని తెల్లారేదాకా కలిపి ఉంచేది ఆ పెట్టే. నాటకాల పిచ్చి ముదిరినవాళ్లు పోస్టరును కింది నుంచి పైకి చదవడం నేను చూశాను. హార్మోనియం ఎవరిదో తేలాకే కృష్ణుల దాకా వెళతారు.

సత్యహరిశ్చంద్ర పోస్టరుకూ ఇదే లెక్క, సీన్ల పేర్లు మారతాయంతే. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలో వారణాసి సీను ఒకరిది, కాటి సీను ఒకరిది. కాటి సీను హరిశ్చంద్రుడే ఎప్పుడూ పెద్ద పేరు. డి.వి. సుబ్బారావు, చీమకుర్తి నాగేశ్వరరావు ఆ పాత్రతో ఊరూరా తెలిసినవాళ్లు. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. కాటి సీనులో జనం కళ్లు తుడుచుకునేది ఏ పద్యాలకో, అందులో కొన్ని బలిజేపల్లివి కావు. జాషువా శ్మశానవాటి మీద విడిగా రాసుకున్న ఖండికలోవి. నటులు వాటిని తెచ్చి హరిశ్చంద్రుడి నోట పెట్టారు, జనం ఉంచేసుకున్నారు. ఇప్పుడు ఆ పద్యాలు పాడకపోతే డబ్బులు వాపసు ఇమ్మంటారు. ఈ పట్టికలో నక్షత్రకుడు చిన్న పేరులా కనిపిస్తాడు గాని, పాత్ర మాత్రం చిన్నది కాదు. అప్పు కోసం వెంటపడి ప్రాణం తీసేవాణ్ణి నక్షత్రకుడంటున్నామంటే ఆ పుణ్యంలో పెద్ద వాటా ఈ నాటకానిదే.

నటుడు పాఠాన్ని పెంచుకుంటూ పోతే ఏమవుతుందో చింతామణి దగ్గర చూశాం. కాళ్ళకూరి నారాయణరావు ఆ నాటకం రాసింది వేశ్యాలోలత్వం మీద. ఊళ్లలో ఆడగా ఆడగా సుబ్బిశెట్టి పాత్రకు ఒక్కో నటుడూ తన హాస్యం తాను చేర్చాడు. నవ్వులకోసం వేసిన మాటలు పచ్చివయ్యాయి, ఒక కులాన్ని ఎగతాళి చేసేదాకా వెళ్లాయి. ఆర్యవైశ్యులు అభ్యంతరం చెప్పారు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది, వ్యవహారం హైకోర్టుకెక్కింది. రాసినాయన పోయింది 1927లో. ఆయన రాయని మాటలకు ఆయన పుస్తకం బోనెక్కింది.

పట్టికలో ఆడవేషాల వరసకూ ఒక చరిత్ర ఉంది. ఒకప్పుడు ఆ వరసంతా మగపేర్లే. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామ, రోషనార, మధురవాణి వేషాలు కట్టి 1956లో పద్మశ్రీ అందుకున్నారు. బుర్రా సుబ్రహ్మణ్యశాస్త్రి కూడా ఆ కోవలోవారే. ఈ రోజు పోస్టర్లలో ఆ వరస దాదాపు పూర్తిగా స్త్రీలదే.

ఆడవేషాలు ఆడవాళ్లకే ఇవ్వడం మొదటినుంచీ చేసినవాళ్లు సురభివాళ్లు. వాళ్ల పోస్టరు చూస్తే వేరే లోకం. పేర్లన్నీ ఒకే ఇంటిపేరులా సురభి, సురభి, సురభి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు కీచకవధతో మొదలుపెట్టిన సమాజం అది. కుటుంబమే కంపెనీ. ఇంట్లో ఆడవాళ్లే నాటకంలో ఆడవాళ్లు. చంకలో ఉన్నప్పుడు లోహితాస్యుడు, నడక వచ్చాక ప్రహ్లాదుడు, మీసం వచ్చాక అభిమన్యుడు, మోకాళ్లు నొప్పెట్టేనాటికి భీష్ముడు. ఒకళ్లకు జ్వరమొస్తే పక్కవాళ్లు ఆ వేషం కట్టేస్తారు, అందరికీ అన్నీ వచ్చు. కాబట్టి వాళ్ల పోస్టరు మీద ఎవరు ఏ వేషమన్నది అంత పెద్ద అక్షరాల్లో ఉండదు. మాయాబజార్, పాతాళభైరవి అన్న పేర్లే పెద్దవి. జనం వెళ్లేది గాలిలో తేలివచ్చే నారదుడి కోసం, తీగల మీద పరుగెత్తి ఢీకొని నిప్పులు రాల్చే బాణాల కోసం. ఈ సంప్రదాయాన్ని నడిపించిన నాగేశ్వరరావును, అందరూ బాబ్జీ అని పిలిచే ఆయన్ను, 2013లో పద్మశ్రీ వరించింది.

మూడో రకం పోస్టరు పరిషత్తులది. దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టినప్పటినుంచీ పోటీ నాటకాలు నడుస్తున్నాయి. 1998 నుంచి నంది నాటకోత్సవాలు వాటికి తోడయ్యాయి. అక్కడ రచన, దర్శకత్వం పెద్ద అక్షరాలు, నటులు కింద. నెలల తరబడి రిహార్సలు చేసి, అదే జట్టుతో ఊరి వెంట ఊరు పోటీలకు తిరుగుతారు. నటుడు మారితే నాటిక ఆగిపోతుంది. కంట్రాక్టు నాటకానికి సరిగ్గా తిరగేసిన వ్యవహారం.

మళ్లీ మా గోడ దగ్గరికొస్తే, మేనల్లుడికి ఆ రాత్రి నాటకం చూపించాను. పన్నెండు దాకా ఫోను చూసుకున్నాడు. పడక సీను అయ్యాక స్టేజీ వెనక్కి తీసుకెళ్లాను. గోనెపట్టా మీద ఇద్దరు కృష్ణులు పక్కపక్కన కూర్చుని ఉన్నారు. ఒకాయన కిరీటం తీసి తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు, ఇంకొకాయన అరచేతి అద్దంలో చూసుకుంటూ నీలిరంగు మీద తిలకం సరిచేసుకుంటున్నాడు. మొదటాయన తాగగా మిగిలిన అల్లం టీ రెండో ఆయన వైపు జరిపాడు. "దుర్యోధనుడు ఈ రాత్రి రెండో పద్యానికి రాగం పొడిగిస్తున్నాడు, తొందరపడి అందుకోకు" అని చెప్పాడు. రెండో ఆయన తలూపి, గ్లాసు కింద పెట్టి లేచాడు.

తెల్లారి మొదటి బస్సులో ఆ రెండో కృష్ణుడు మా ముందు సీట్లో ఉన్నాడు. ప్యాంటూ చొక్కా, కాళ్ల దగ్గర సంచి, చెవుల వెనక ఇంకా పోని నీలిరంగు. మావాడు ఉండబట్టలేక ముందుకు వంగి అడిగాడు.

"ఇవాళ కూడా రెండో కృష్ణుడేనా అండీ?"

"లేదు బాబూ, ఇవాళ వినుకొండ దగ్గర ఒక ఊళ్లో. అక్కడ నేను ఒకటి," అని ఆయన కండువా మొహం మీద కప్పుకుని పడుకున్నాడు.