నడుస్తూ నడుస్తూ ఆగిపోయే పాత కారు

సాయంత్రంవేళ కొండాపూర్ రద్దీలో పాత మారుతి 800 ఉన్నట్టుండి ఆగిపోతే, వెనకాల హారన్ల మోతకి గుండె దడదడలాడుతుంది. 2014లో తయారీ మానేసినా, ఆ బండిని ప్రాణంగా చూసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు.

మెకానిక్కు దగ్గరికి వెళ్లేముందు అది ఎలా ఆగిందో గుర్తుపెట్టుకోండి. లక్షణాలు చెబితేనే కదండీ డాక్టరు మందిచ్చేది! స్విచ్చి తీసినట్టు ఠక్కున ఆగిందా? వైరు వదులైందేమో, లేదా కాయిలు పోయిందేమో చూడమనండి. ఎక్కిళ్లు పెడుతూ, కుదుపులతో ఆగితే పెట్రోలు సరిగా అందడం లేదన్నమాట. ముందు ఫిల్టరు మార్పించండి, ఖర్చు తక్కువ. సిగ్నలు దగ్గర మాత్రమే ఆగితే కార్బురేటరులో మురికి చేరి ఉండొచ్చు. వేడెక్కాక ఆగి, చల్లారాక మళ్లీ కదిలితే కాయిలుదో, ఎండకి గొట్టంలో పెట్రోలు ఆవిరవడందో ఆ తప్పు. ఆగేముందు లైట్లు మసకబారితే ఆల్టర్నేటరు చూపించండి.

ఇంకో ముఖ్యమైన మాట. ఇంజను ఆగితే బ్రేకు గట్టిపడుతుంది. కంగారుపడకుండా, ఉన్న వేగంతోనే బండిని ఎడమపక్కకి తీసి, బ్రేకు బలంగా తొక్కండి. జబ్బేదో తెలియకుండా సామాను మార్పిస్తూ పోతే డబ్బూ పోతుంది, ప్రమాదమూ తప్పదు.