'లేక్ వ్యూ' ప్లాట్ కొంటున్నారా? వాన నీళ్లు ఎటు పోతాయో ఏజెంట్‌ను అడిగారా?

ఆదివారం వెంచర్ చూడటానికి వెళ్తారు. ఏజెంట్ కారులో తిప్పి గేటు, క్లబ్‌హౌస్ స్థలం, రాబోయే రోడ్డు చూపిస్తారు. ఆ తర్వాత గజం ధర మీద బేరం. ఈసారి బేరానికి ముందు 'వాన పడితే ఈ నీళ్లన్నీ ఎటు పోతాయండీ?' అని అడిగి చూడండి. 'డ్రైనేజీ ఇస్తున్నాం సార్' అన్నారంటే విషయం వాళ్లకూ తెలియదన్నమాట. ఇంట్లోని మురుగు పోయే లైను వేరు, వరద నీటి కాలువ వేరు.

చిన్న లెక్క చూద్దాం. 200 గజాల స్థలంలో 10 సెంటీమీటర్ల వాన కురిస్తే సుమారు 16,700 లీటర్ల నీళ్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు మూడు నిండి ఇంకా మిగులుతాయి. పొలంగా ఉన్నప్పుడు కొంత ఇంకేది, కొంత గట్ల మధ్య ఆగేది. ఇల్లు కట్టి, చుట్టూ సిమెంటు చేశాక దాదాపు అంతా ఒక్కసారే రోడ్డెక్కుతుంది. ఐదెకరాల లేఅవుట్‌లో అయితే 20 లక్షల లీటర్లు.

హైదరాబాద్ చుట్టుపక్కల చాలా చెరువులు గొలుసుకట్టువి. పై చెరువు నిండితే మత్తడి దూకి, నాలా గుండా కింది చెరువుకు చేరాలి. మధ్యలో నాలాను పూడ్చినా, సన్నని పైపులో ఇరికించినా నీళ్లు పాత దారే వెతుక్కుంటాయి. 2020 అక్టోబరు వరదల్లో పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగినప్పుడు దిగువ కాలనీలు అనుభవించింది ఇదే.

ఎంత దూరం వదలాలి?

ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలిచే హద్దు. ఏప్రిల్‌లో అక్కడ క్రికెట్ ఆడుతున్నా సరే, అది చెరువే. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఈ హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువు, కుంటలైతే 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, అంతకు లోపైతే 2 మీటర్లు. బఫర్‌లో పచ్చదనం పెంచుకోవచ్చు, ఇల్లు కట్టకూడదు.

ఎక్కువమంది చిక్కుకునేది 'పట్టా ఉంది కదా' అన్న మాట దగ్గర. శిఖం భూముల్లో కొన్నింటికి నిజంగానే పట్టా ఉంటుంది. అది నీళ్లు తగ్గాక సాగు చేసుకోవడానికే. రిజిస్ట్రేషన్ అయినా, చివరికి బ్యాంకు లోను వచ్చినా, అది ఇల్లు కట్టే అనుమతి కాదు.

ఏజెంట్లకు ఇవి నేర్పేదెవరు?

రెరా చట్టం కింద ఏజెంటుగా పనిచేయాలంటే నమోదు తప్పనిసరి. తప్పుడు మాటలతో అమ్మితే ఆ నమోదు రద్దు కావచ్చు. మహారాష్ట్ర 2023లో ఒక అడుగు ముందుకేసి, ఏజెంట్లు శిక్షణ తీసుకుని పరీక్ష పాసవ్వాలని నిబంధన పెట్టింది. ఇలాంటి శిక్షణ ఎక్కడ పెట్టినా చట్టం సెక్షన్లతో పాటు గ్రామ నక్షాలో నాలా గీత గుర్తుపట్టడం, ఎఫ్‌టీఎల్ మ్యాపు చదవడం, నేల వాలు చూడటం కూడా ఒక పూట నేర్పాలి. ఉద్యోగం చేస్తూ కమీషన్‌కు బంధువులకే ప్లాట్లు అమ్మేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. వాళ్లకైతే ఇది మరీ అవసరం. రేపు ఇంట్లోకి నీళ్లొస్తే పెళ్లిళ్లలో మొహం చూపించాల్సింది వాళ్లే.

మీరు కొనేవారైతే అడ్వాన్సు ఇచ్చే ముందు సర్వే నంబరు తీసుకుని హెచ్‌ఎండీఏ చెరువుల పోర్టల్‌లో మ్యాపు చూడండి. చెరువో నాలానో దగ్గరుంటే నీటిపారుదల, రెవెన్యూ శాఖల ఎన్‌ఓసీ కాపీ అడగండి. లేఅవుట్ ప్లాన్‌లో వరద కాలువ ఎక్కడ మొదలై, వెంచర్ దాటాక ఎందులో కలుస్తుందో వేలితో చూపించమనండి. గోడ దగ్గరే ఆగిపోతే ఆ నీళ్లు పక్కవాళ్ల స్థలంలోకో, మీ వీధిలోకో వస్తాయి. సైట్ విజిట్‌కు కుదిరితే ఎండాకాలం కాదు, గట్టి వాన పడిన మర్నాడు వెళ్లండి. దారిలో ఆ ఊరి రైతు ఎవరైనా కనిపిస్తే, పెద్ద వానకు నీళ్లు ఎందాకా వస్తాయో అడగండి.