బెత్తెడు దూరం

2023 అక్టోబరు 1, ఆదివారం సాయంత్రం. దుబాయ్‌లో మా బిల్డింగు లాబీలో సెక్యూరిటీ గార్డు బల్ల మీద నా ఫోను నిలబెట్టి ఇద్దరం చూస్తున్నాం. ఆయనది పాలకొండ వైపు. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మహిళల 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్ అది. తుపాకీ పేలకముందే పక్క లేనులోని చైనా అమ్మాయి వూ యాన్నీ కదిలింది. ఆ కదలికకు మన జ్యోతి యర్రాజీ కూడా లేచింది. అధికారి వచ్చి జ్యోతికి కూడా ఎర్రకార్డు చూపించాడు.

‘‘ఏటి సార్, మన పిల్లని పంపించీసారేటి?’’ అన్నాడాయన.

పంపించబోయారు. జ్యోతి వెళ్లలేదు. ట్రాక్ మీదే నిలబడి అధికారులతో వాదించింది, వీడియో చూడమంది. వేల మంది చైనా ప్రేక్షకులున్న స్టేడియంలో, ఆతిథ్య దేశపు క్రీడాకారిణి పక్కనే ఉండగా, ఇరవై నాలుగేళ్ల విశాఖ అమ్మాయి తన తప్పు లేదని చెప్పి కదలకుండా నిలబడటం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. చివరికి ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు, తేల్చాల్సింది తర్వాత తేల్చుకుందామని. జ్యోతి మూడో స్థానంలో వచ్చింది. రెండో స్థానంలో వచ్చిన వూను ఆ తర్వాత అనర్హురాలిగా ప్రకటించారు. 12.91 సెకన్లతో జ్యోతికి రజతం దక్కింది. స్వర్ణం చైనాకే చెందిన లిన్ యువెయ్‌ది.

గుండె అదిరే రేసుకు ముందు అంతసేపు వాదించి, వెంటనే బ్లాకుల్లో కూర్చుని పది హర్డిల్స్ దాటాలంటే ఎంత నిబ్బరం కావాలి! అది ఆ ఒక్కరోజులో వచ్చింది కాదు. జ్యోతి కెరీర్ మొదటి నుంచీ అంతే. పరుగెత్తింది లెక్కలోకి రాలేదన్నారు. మళ్లీ పరుగెత్తింది.

2020 జనవరిలో మూడబిదిరిలో అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు జరిగాయి. జ్యోతి 13.03 సెకన్లలో పరుగు ముగించింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. ఒడిశాకు చెందిన అనురాధా బిస్వాల్ 2002లో నెలకొల్పింది. అంటే పద్దెనిమిదేళ్ల రికార్డును 35 సెంటీసెకన్ల తేడాతో తిరగరాసినట్టు. ట్రాక్ మీద అది దాదాపు రెండున్నర మీటర్ల దూరం. కానీ ఆ పోటీలో డోపింగ్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేడు. అందుకని రికార్డుగా గుర్తించలేదు. తర్వాత కరోనా వచ్చింది, గాయాలు వచ్చాయి.

2022 ఏప్రిల్‌లో కోజికోడ్ ఫెడరేషన్ కప్. 13.08. ఈసారి పరీక్షలన్నీ సవ్యంగానే ఉన్నాయి. గాలి ఎక్కువైంది. వెనక నుంచి వీచే గాలి సెకనుకు 2 మీటర్లు దాటితే రికార్డు చెల్లదు. ఆ రోజు 2.1.

ఇక్కడ దుబాయ్‌లో ఉన్న తెలుగువాడికి ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. డిగ్రీ చేతిలో ఉన్నా ముద్రల మీద ముద్రలు పడేదాకా అది డిగ్రీ కాదు. ఊళ్లో పదేళ్లు కాపలా ఉన్న మనిషి కూడా ఇక్కడ మళ్లీ శిక్షణ పొంది, పరీక్ష రాసి, కార్డు సంపాదిస్తేనే గార్డు. చేతనైన పనిని చేతనవునని మళ్లీ నిరూపించుకోవడం మా రోజువారీ బతుకు. మా గార్డు జ్యోతిని ‘మన పిల్ల’ అన్నది ఉత్తరాంధ్ర అభిమానంతో మాత్రమే కాదు. జ్యోతి నాన్న సూర్యనారాయణ సెక్యూరిటీ గార్డు. అమ్మ కుమారి ఇళ్లలో పని చేసింది, ఆసుపత్రిలో శుభ్రం చేసింది. గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ ఇళ్లలో పనికి వచ్చిన ఆడవాళ్లు, శ్రీకాకుళం నుంచి వచ్చి గేట్ల దగ్గర పన్నెండు గంటలు నిలబడే మగవాళ్లు జ్యోతిలో చూసేది తమ ఇంటి పిల్లనే.

విశాఖలో పోర్ట్ హైస్కూల్లో చదువుతున్నప్పుడు ఆమె పొడుగు చూసి, హర్డిల్స్‌కు పనికొస్తుందని గుర్తించింది వ్యాయామ ఉపాధ్యాయుడు. తర్వాత హైదరాబాద్‌లో ఎన్. రమేశ్ దగ్గర శిక్షణ. పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వచ్చి పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్లలో కాంస్యం తెచ్చిన జీవాంజి దీప్తి గురువు కూడా ఈ రమేశే. ఆపై భువనేశ్వర్‌లో బ్రిటిష్ కోచ్ జేమ్స్ హిలియర్ చేతికి వచ్చింది.

పొడుగు వరమే గానీ పూర్తి వరం కాదు. మహిళల హర్డిల్ ఎత్తు 83.8 సెంటీమీటర్లు, రెండు మూరలకు కాస్త తక్కువ. మొదటిది 13 మీటర్ల దూరంలో, తర్వాత ప్రతి ఎనిమిదిన్నర మీటర్లకు ఒకటి. మధ్యలో మూడే అడుగులు. పొడుగు కాళ్లున్న అమ్మాయి వేగం పెంచుకునే కొద్దీ హర్డిల్ మీదకు వచ్చేస్తుంది. అంగ పెద్దది కాబట్టి దాన్ని కుదించుకుంటూనే వేగం పెంచాలి. పైకి ఎగిరితే సమయం పోతుంది, దాదాపు రాసుకుంటూ దాటాలి. దూకడం అంటాం గానీ మంచి హర్డ్లర్ దూకదు, అడుగు వేస్తూ పోతుంది. జ్యోతి పాత వీడియోలు, కొత్త వీడియోలు పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఆమె తల కదలిక ఏటికేడు తగ్గుతూ వస్తుంది. ఆ తగ్గుదలలోనే ఆమె కష్టమంతా ఉంది.

కోజికోడ్‌లో గాలి కాజేసిన రికార్డును ఆమె మరుసటి నెలలోనే వసూలు చేసింది. మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23. బిస్వాల్ రికార్డు ఇరవై ఏళ్లకు బద్దలైంది. అదే నెలలో ఇంగ్లండ్‌లోని లఫ్‌బరోలో 13.11, నెదర్లాండ్స్‌లోని వుఖ్త్‌లో 13.04. ఒకే నెలలో మూడుసార్లు జాతీయ రికార్డు! అక్టోబరులో గాంధీనగర్ జాతీయ క్రీడల్లో 12.79 పరుగెత్తితే మళ్లీ గాలి అడ్డం వచ్చింది. రెండు వారాలు తిరక్కుండానే బెంగళూరులో 12.82. ఈసారి చెల్లింది. 13 సెకన్ల లోపు అధికారికంగా పరుగెత్తిన తొలి భారతీయ మహిళ అయింది. ఒక్కోసారి అనిపిస్తుంది, ఆ రెండు వారాల్లో ఆమె నిద్ర ఎలా పోయి ఉంటుందా అని.

2023 జులైలో బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్స్ స్వర్ణం, 13.09 సెకన్లు. ఈ ఈవెంట్‌లో మన దేశానికి అదే తొలి ఆసియా స్వర్ణం. ఆగస్టులో చెంగ్డూ ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78తో కాంస్యం, కొత్త జాతీయ రికార్డు.

పారిస్ ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత ఇచ్చే సమయం 12.77. ఆమెది 12.78. ఒక్క సెంటీసెకను ఎక్కువైంది. ఆ వేగంతో లెక్క వేస్తే అది ట్రాక్ మీద ఏడెనిమిది సెంటీమీటర్లు. మన అమ్మమ్మల భాషలో బెత్తెడు, నాలుగు వేళ్ల వెడల్పు. 2024 మేలో ఫిన్లండ్‌లో మళ్లీ ప్రయత్నించింది. గడియారం మళ్లీ 12.78 దగ్గరే ఆగింది. అదే బెత్తెడు! చివరికి ప్రపంచ ర్యాంకింగ్ ద్వారా వెళ్లింది, ఒలింపిక్స్‌లో మహిళల 100 మీటర్ల హర్డిల్స్ పరుగెత్తిన తొలి భారతీయురాలిగా.

పారిస్‌లో అనుకున్నట్టు జరగలేదు. హీట్‌లో 13.16తో ఏడో స్థానం. మరునాడు రెండో అవకాశంగా ఇచ్చే రెపషాజ్‌లో 13.17. సెమీస్‌కు చేరలేదు. అది చూసి ‘ఇంతేనా’ అన్నవాళ్లున్నారు. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ వస్తుంది. ఇరవై ఏళ్లపాటు 13.38 దగ్గర ఆగిపోయిన దేశంలో ఒకమ్మాయి ఒంటిచేత్తో ఆ గీతను అర సెకనుకు పైగా వెనక్కి నెట్టింది. స్వదేశంలో ఆమె వెంటపడి పరుగెత్తించే పోటీ లేదు. అమెరికా, జమైకా అమ్మాయిలకు ప్రతి వారం దొరికే ఆ ఒత్తిడి కోసం ఆమె విమానం ఎక్కి ఖండాలు దాటాలి. ఆ తేడా లెక్క కట్టకుండా ఏడో స్థానం గురించి మాట్లాడటం న్యాయం కాదు.

2025 జనవరిలో రాష్ట్రపతి భవన్‌లో అర్జున అవార్డు అందుకుంది. మే 29న దక్షిణ కొరియాలోని గుమిలో ఆసియా టైటిల్ నిలబెట్టుకుంది, 12.96 సెకన్లలో. ఆ రాత్రి డ్యూటీ మారే వేళ లాబీలోకి వెళ్లి మా గార్డుకు చెప్పాను. ఇన్నాళ్లలో ఆయనకు ఈ ఆట లోతుపాతులన్నీ తెలిసిపోయాయి. ముందు సంతోషించలేదు.

‘‘గాలి సరిగానే ఉందా సార్? లెక్కలోకొత్తాదా?’’

వస్తుందన్నాను. ఛాంపియన్‌షిప్ రికార్డు కూడా అన్నాను. అప్పుడు నవ్వాడు. విజిటర్ల రిజిస్టరు తెరిచి చివరి పేజీలో 12.96 అని రాసుకున్నాడు.

కొన్ని వారాలకే జ్యోతికి మోకాలి గాయం. శస్త్రచికిత్స అవసరమైంది. సెప్టెంబరులో టోక్యో ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌కు దూరమైంది. హర్డ్లర్‌కు మోకాలంటే పరుగుకు ఆధారం మాత్రమే కాదు. ప్రతి హర్డిల్ దాటాక ఒంటి బరువంతా ఒక కాలి మీద దిగుతుంది. అలా ఒక్కో రేసులో పదిసార్లు. అక్కణ్నుంచి తిరిగి రావాలంటే మళ్లీ నడక నుంచి మొదలుపెట్టాలి.

ఆ కబురు చెప్పినప్పుడు మా గార్డు చాలాసేపు మాట్లాడలేదు. కుర్చీలోంచి లేస్తూ అలవాటుగా కుడి మోకాలు పట్టుకున్నాడు, పదకొండేళ్లుగా రోజుకు పన్నెండు గంటలు నిలబడిన మోకాలు.

‘‘ఎక్కినప్పుడు కాదు సార్, దిగినప్పుడే తెలుత్తాది,’’ అన్నాడు. ‘‘ఆ పిల్లకి తొందరపడొద్దని ఎవరైనా సెప్పండి.’’